పెద్ద వీధిలో గాలి పోకూడదు

నేను కంభం, గిద్దలూరు, రాచర్ల తిరిగి మార్కాపురం చేరినప్పటినుంచీ ఎదురైన ప్రతివాళ్ళూ ఒకే మాట అడుగుతున్నారు. "ఏంది కాంపౌండరూ, బంగారమట్లాంటి టైరు అట్ల నాశనం చేసుకొచ్చినావు?" అని. అడగరా మరి! యుద్ధం వచ్చాక రబ్బరంతా పటాలాలకే పోతోంది. ఈ రోజుల్లో మోటారు సైకిలు టైరు సంపాదించడం కంటే పిల్లకు సంబంధం కుదర్చడం తేలిక. అలాంటి టైరును, దాని లోపలి ట్యూబును, ఆ ట్యూబుకు రక్షణగా వేసిన ఇంకో ట్యూబును చేజేతులా తునకలు చేసుకొని, చక్రంలో ఎండుగడ్డి కుక్కుకొని తిరిగి వచ్చాను. నాకేమీ విచారం లేదు. అవసరం వస్తే మళ్ళీ అదే చేస్తాను. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేదు కాబట్టి, ఆ దారి తొక్కని వాళ్ళకు కూడా తెలిసేటట్టు, మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మార్కాపురం

నేను మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరును. మా డాక్టరు దొర యుద్ధానికి పోతూ తన పాత మోటారు సైకిలు నాకిచ్చి పోయాడు. చలికాలం మొదట్లో, జ్వరాలు ముదిరే వేళ, నల్లమల అంచు ఊళ్ళకు క్వినైను పట్టుకొని తిరగడం నా పని. పెట్రోలుకు ఆస్పత్రి కూపన్లున్నాయి. ఈసారి ఆ తిరుగుడు మా సొంత ఊళ్ళో, ఆదివారం ప్రార్థన వేళకు ముగిసేటట్టు పెట్టుకున్నాను.

మా ఊరు రాచర్ల దాటాక వస్తుంది. పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఊరిదే తప్పనుకొని చుట్టుపక్కల ఊళ్ళన్నీ హాయిగా నిద్రపోతాయి. ఊరికి ఈ చివర, జిల్లా బోర్డు రోడ్డు పక్కన, మా ప్రార్థన పాక. ఆ చివర మా పల్లె. రెండింటికీ నడుమ పెద్ద వీధి. ఆ వీధిలో మావాళ్ళు కాళ్ళకు చెప్పులతో నడవకూడదు. చేత పట్టుకొని దాటాలి, లేదా వాగు వెంట చుట్టు తిరిగి పోవాలి. మా నాయన పేతురు తోలుపని చేస్తాడు. ఆ వీధిలో తిరిగే కాళ్ళన్నిటికీ చెప్పులు కుట్టింది ఆయనే. ఎద్దులు బావుల్లోంచి నీళ్ళు లాగే తోలు బానలు కుట్టేదీ ఆయనే. తన చెప్పులను మాత్రం బుద్ధెరిగినప్పటినుంచీ చేతిలో పట్టుకొనే ఆ వీధి దాటాడు.

పోయిన ఎండాకాలం నేను మొదటిసారి మోటారు సైకిలు మీద ఊరికి పోతే, ఏం చెయ్యాలో పెద్ద వీధికి పాలుపోలేదు. మా పల్లె వాడొకడు ఇలాంటి బండెక్కి వస్తాడని వాళ్ళ తాతలు ఊహించి ఏర్పాటు చేసి పోలేదు కదా! అరుగుల మీద కూర్చొని తర్జనభర్జనలు పడి, చివరికి ఒక కట్టడి చేశారు. ఎక్కి పోకూడదు. దిగి తోసుకుంటూ పోతే అభ్యంతరం లేదు. అప్పుడు నేను వాగు దారినే పోయాను. ఈసారి వీధిలోనే పోవాలి, బండి మీదే పోవాలి, మా నాయనను వెనక కూర్చోబెట్టుకొని పోవాలి అనుకొని, ఇంటికి కబురు కూడా పెట్టాను. ఆ వీధిలో రోడ్డు వేసింది బోర్డు. దానికి రాళ్ళు కొట్టింది మా పల్లె ఆడవాళ్ళు. అరుగుల మీద కూర్చున్న వాళ్ళు వేసింది తాంబూలం ఒక్కటే.

చిక్కల్లా ఒకటే. నడివీధిలో గాలి పోయిందనుకోండి, నేను దిగి తోసుకోవలసిందే. వాళ్ళ కట్టడిని నా చేతులతో నేనే నెరవేర్చిన వాణ్ణవుతాను. మా సీమలో చూస్తే తుమ్మముల్లు లేని దారి లేదు. ఈ దిగులు నా భార్య సుందరమ్మకు చెప్పాను. ఆమె అటక మీద నుంచి పాత ట్యూబొకటి దించి నా ముందు పడేసింది.

"దీన్ని నిలువునా కోసి టైరు లోపల పరుచు. దాని మీద కొత్త ట్యూబు ఎయ్యి. చలికి పిల్లోనికి రెండు చొక్కాలు ఎయ్యమా?" అంది.

సైకిలు దుకాణం కరీం సాయిబు ఈ మాట విని పకపకా నవ్వాడు. "రబ్బరూ రబ్బరూ రాసుకుంటే వేడెక్కి పగుల్తాది భాయ్. నీకు మందులు కలపడం వచ్చు, ఇది మాకొదిలెయ్" అన్నాడు. సుందరమ్మ పలకల ఫ్యాక్టరీకి పోయి, పలకలు నున్నగా రుద్దేటప్పుడు రాలే మెత్తటి పొడి కొంగున కట్టుకొని వచ్చింది. రెండు పొరల మధ్య ఆ పొడి చల్లి, ముందు టైరుకూ వెనక టైరుకూ అట్లాగే వేశాం. సాయిబు నవ్వుతూనే ఇంకో పాత ట్యూబిచ్చి సాయం పట్టాడు.

తర్లుపాడు దారి

మార్కాపురం పొలిమేర దాటేదాకా దారి నిండా పలక పెంకులే. ఊరికి అన్నం పెట్టే రాయి కాబట్టి ఎవరూ తిట్టరు. నేను తిట్టుకుంటూ పోయాను. ఎంత తిట్టినా గాలి పోలేదు. తర్లుపాడు దగ్గర చింతచెట్టు కింద దిగి చక్రాలు తడిమి చూశాను. ఒక పెంకు టైరులో దిగబడి ఉంది. పీకితే లోపలి పొర దగ్గరే ఆగినట్టు తెలిసింది. అక్కడొక ముసలమ్మ రేగుపళ్ళు అమ్ముతోంది. "ఏంది నాయనా, బండికి నాడి చూస్తాండావు?" అంది. బాగానే ఉందని చెప్పి కాణీకి దోసెడు రేగుపళ్ళు కొనుక్కున్నాను.

కంభం

కంభం చేరితే కళ్ళు చల్లబడతాయి. మా ఎర్రనేలలు చూసి చూసి, ఆ చెరువు కింద వరి, పసుపు, అరటి చూస్తే ఇది మన జిల్లాయేనా అనిపిస్తుంది. మా వైపు వరన్నం పండగకు తింటాం. ఇక్కడ మామూలు రోజున కూలివాళ్ళ మూటల్లో కూడా తెల్లన్నం చూశాను. అసూయపడ్డానని దాచను.

బస్సులు ఆగే చోట టీ కొట్టు ఉంది. పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సొకటి అక్కడ పొగలు కక్కుతోంది. గట్టు ఎక్కాలంటే ప్రయాణికులే దిగి తొయ్యాలట. టిక్కెట్టు కొని మరీ తొయ్యడం! అక్కడే ఒక అడవి కంట్రాక్టరు పరిచయమయ్యాడు. తెల్లటి పంచె, సిల్కు చొక్కా. ఆయనకూ మోటారు సైకిలుంది. బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చి, నా టైర్ల సంగతి అడిగాడు.

"ట్యూబులో ట్యూబా! ఎందుకయ్యా ఆ గోల?" అని ఆయనా నవ్వాడు. "నా టైర్లు జూడు. ట్యూబులు దొరక్కపోతే రెండిట్లోనూ గడ్డి దట్టిచ్చినా. ముల్లు దిగనీ, మేకు దిగనీ, గాలే లేనిది పోయేదేంది?"

"ముల్లుతో భయం లేదు సరే. వేగంగా పోతూ మలుపు తిప్పితే గడ్డి ఒకపక్కకు జారి టైరు రిమ్ములోంచి ఊడుతుంది. గాలి ట్యూబైతే టైరును నలుదిక్కులా పట్టుకొని ఉంటుంది. ముందు చక్రానికైనా ట్యూబు లేకుండా పోకండి" అన్నాను.

"పో పోవయ్యా. ఇంతకీ ఏ ఊరు మనది?"

ఊరు చెప్పాను. ఎవరింట్లో అన్నాడు. మా నాయన పేరు చెప్పాను. ఆయన టీ గ్లాసు తీసుకొని లేచి, బస్సు చక్రం దగ్గరికి పోయి నిలబడి తాగాడు. బెంచీ మొత్తం నాకే మిగిలింది. కాళ్ళు చాపుకొని కూర్చొని ఇంకో టీ చెప్పాను.

గిద్దలూరు దారి

మర్నాడు బెస్తవారిపేటలో క్వినైను పంచి బయలుదేరాను. ఒక మలుపులో సిల్కు చొక్కా కనిపించింది. కంట్రాక్టరు కాలవ గట్టున వెల్లకిలా పడి ఉన్నాడు. బండి పక్కకు పడి ఉంది. ముందు టైరు రిమ్ము నుంచి ఊడి, గడ్డి పేగుల్లాగా బయటికి వచ్చింది. ఆయన గడ్డం చీలి నెత్తురు కారుతోంది. మోచెయ్యి దోక్కుపోయింది.

మందుల పెట్టె విప్పి దగ్గరికి పోయి అడిగాను. "అయ్యా, నేను ముట్టుకోవచ్చా? లేక వాగు దారిన చుట్టు తిరిగి రమ్మంటారా?"

ఆయన కళ్ళు మూసుకొని, "కట్టుగట్టు నాయనా, నీకు దండం పెడతా" అన్నాడు. ఆ మాట అన్నాక ఇంకేమీ అనబుద్ధి కాలేదు. గాయం కడిగి టింక్చరు పెడితే చిన్నపిల్లవాడిలాగా కేకలు వేశాడు. కట్టు కట్టాను. నీళ్ళు తాగుతారా అంటే నా సీసా అందుకొని గటగటా తాగాడు. తాగాక సీసా వంక ఒకసారి చూసి, మూత బిగించి తిరిగి ఇచ్చాడు.

ఎడ్లబండి ఒకటి వస్తే ఎక్కించాను. బండి కదిలాక ఆయన నన్ను చేత్తో పిలిచాడు. "మీ ఊరి పెద్ద వీధిలో పెద్దాయన మా చిన్నాయనే. నువ్వు ఆదివారం బండెక్కి వస్తాండావని ఇప్పటికే తెలుసు వాళ్ళకు. మీవాళ్ళెవరో నోరు జారినారు. తుమ్మకంప నరికి ముండ్లు వీధి పొడుగునా దుమ్ములో చల్లమన్నాడు. వాగు దారిలో పోరాదూ?" అన్నాడు.

"ముళ్ళకే కదా సామీ రెండు పొరలు వేసింది" అన్నాను. పైకి నవ్వుతూనే అన్నాను గాని, ఎడ్లబండి కనుమరుగయ్యాక రెండు చక్రాలూ మళ్ళీ తడిమి చూసుకున్నాను. ఇప్పటిదాకా దారినపోయే ముల్లు గురించి దిగులు. ఇప్పుడు నా కోసమని చల్లిన ముళ్ళు.

గిద్దలూరు

గిద్దలూరు స్టేషను దగ్గర కాఫీ హోటలుంది. నల్లమలలోంచి రైలు దిగివచ్చే వాళ్ళందరికీ అక్కడ వేడి వేడి ఇడ్లీ దొరుకుతుంది. మాకు మాత్రం గోడకు కొట్టిన మేకుకు తగిలించిన గ్లాసు. తాగి, కడిగి, మళ్ళీ తగిలించి పోవాలి. మార్కాపురంలో ఆస్పత్రి వరసలో నేను కలిపిన మందు ఏ కులం వాళ్ళైనా నా చేతి గ్లాసుతోనే తాగుతారు. చేదు మందుకు లేని అంటు తియ్యని కాఫీకి ఎట్లా వచ్చిందో ఎవరైనా పెద్దలు నాకు చెప్పాలి. హోటలాయన నన్ను గుర్తుపట్టాడు. వాళ్ళమ్మకు జ్వరమట, రెండు బిళ్ళలు కావాలన్నాడు. ఇచ్చాను. మేకు మీద గ్లాసు మేకు మీదే వదిలేసి వచ్చాను.

సందు చివర మస్తానమ్మ అనే ఆమె సద్దరొట్టెలు కాల్చి అమ్ముతుంది. రొట్టె మీద వెన్న, పక్కన రోట్లో నూరిన గోంగూర ఊరుమిండి. "అన్నా, ఇంకో రొట్టె తిను, గాలికి కొట్టుకపోయేటట్లుండావు" అని కసిరి కసిరి పెట్టింది. ఆమె దగ్గర గ్లాసులన్నీ ఒకే తట్టలో ఉన్నాయి. ఎవరికి ఏది వస్తే అదే. ఆ రొట్టె ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. గిద్దలూరు పోయేవాళ్ళు స్టేషను ముందు ఆగకండి, ఆ సందులోకి పోండి.

రాచర్ల

ఆదివారం పెందలాడే బయలుదేరాను. రాచర్ల దగ్గర గొర్రెలమంద దారికి అడ్డం వచ్చింది. హారను కొడితే చెదిరిపోతాయేమో అనుకున్నాను. అవి బెదిరి నా చుట్టూనే మూగాయి. ఒక పొట్టేలు ముందు చక్రాన్ని గట్టిగా ఢీకొట్టింది. గొర్రెలకాపరి తాపీగా కర్ర భుజాన వేసుకొని వచ్చాడు.

"దీనికి మేతేందన్నా?" అన్నాడు.

"పెట్రోలు."

"పాపం. ఈడ యాడ దొరుకుతాది?" అని నా బండి మీద ఎంతో జాలిపడ్డాడు. పొట్టేలు కొట్టిన దెబ్బకు చక్రానికేమైనా అయిందేమోనని నేను కూర్చొని చూస్తుంటే, ఆయనా పక్కనే కూర్చొని తడిమి చూశాడు. గాలి బిగువుగానే ఉంది. తర్వాతి మలుపుల్లో కంట్రాక్టరు సంగతి గుర్తొచ్చి, నెమ్మదిగానే పోయాను.

మా ఊరు

నేను చేరేసరికి పాకలో ప్రార్థన మొదలైంది. గడప బయట చెప్పుల వరసలో ఒక జత మెరుస్తోంది. కిర్రు చెప్పులు. ఆముదం పట్టించి, పొరల మధ్య ఏదో మర్మం పెట్టి, అడుగు వేస్తే కిర్రు కిర్రుమనేటట్టు కుడతారు. పెద్ద వీధిలో ఆసాములు వాటిని వేసుకుంటే మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. అవి కుట్టడంలో మా నాయనను మించినవాడు మా వైపు లేడు. తన కోసం ఒక జత కుట్టుకొని రాచర్ల సంతకూ గిద్దలూరుకూ వేసుకొని పోయేవాడు. ఊళ్ళో ఆ జత ఎప్పుడూ మోగలేదు.

ప్రార్థన అయ్యాక నాయన బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ముండ్లు చల్లినారు రా, ఎరుకేనా?" అన్నాడు.

"ఎరుకే. లోపల రెండు ట్యూబులున్నాయి నాయనా."

"రెండా?" అని కనుబొమలెగరేశాడు. పొర సంగతి విడమరిచి చెప్పబోయాను గాని ఆయన వినిపించుకోలేదు. రెండున్నాయి, అంతే చాలు. "వాళ్ళు దిగమంటారు. దిగితే?"

"దిగేది లేదు."

ఆయన కాసేపు వాగు వైపు చూశాడు. తర్వాత నా భుజం పట్టుకొని వెనక ఎక్కాడు. జీవితంలో ఆయన మోటారు సైకిలు ఎక్కడం అదే మొదలు. నేను బండి తిప్పాను.

పెద్ద వీధి

వీధి మొదట్లోనే ముళ్ళు కనిపించాయి. దుమ్ములో తెల్లగా, సూదుల్లా. వాటి మీదికే పోనిచ్చాను. చక్రాల కింద పటపటమని విరుగుతున్నాయి. ఆ చప్పుడు నాకు వెన్నులో వినిపించింది. అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. పెద్ద ఇంటి ముందు పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసి, "ఒరే పుల్లిగా, దిగరా!" అని అరిచాడు. మా నాయన పేతురుగా మారి ఇన్నేళ్ళయినా ఆ వీధికి పుల్లిగాడే. దిగరా, దిగరా అని ఇంకా ఎవరెవరో అరిచారు. నేను ఎవరి మొహమూ చూడలేదు. చక్రం తూలుతుందా అని మాత్రమే చూసుకున్నాను. తూలలేదు. వీధి అయిపోయింది, మా పల్లె వచ్చింది. మా గుడిసె ముందు బండి ఆపాను.

నాయన దిగి తన తోలుపని ఆరె తెచ్చుకొని, చక్రం ముందు గొంతుక్కూర్చొని, దాని మొనతో ముళ్ళు ఒక్కొక్కటీ పెకలించసాగాడు. పిడికెడు ముళ్ళు వచ్చాయి. ఒక్కటీ రెండో పొర దాటలేదు. సుందరమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను. పల్లె అంతా మూగి చూస్తోంది.

మా అమ్మ సంగటి ముద్దలు పళ్ళెంలో పెట్టుకొని వచ్చి ఆగిపోయింది. "అది సరే గాని, చెప్పులు చేతిలో పట్టుకున్నావేంది?" అంది.

అందరం చూశాం. నాయన కుడిచేతిలో ఆరె ఉంది. ఎడమచేతిలో కిర్రు చెప్పుల జత ఉంది. బండెక్కేటప్పుడు అలవాటు కొద్దీ విప్పి చేత పట్టుకున్నాడు. వీధంతా అట్లాగే పట్టుకొని వచ్చాడు. బండి దిగినా వదల్లేదు. పెద్ద వీధి గుండా మోటారు సైకిలు మీద దర్జాగా వచ్చాం, చెప్పులు చేత పట్టుకొని వచ్చాం! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కోపం మాత్రం బాగా వచ్చింది, ఆయన మీద కాదు, ఆ చేతికి ఆ అలవాటు నేర్పిన వాళ్ళ మీద.

నాయన ఆ జత వైపు చూశాడు. తర్వాత నేల మీద పెట్టి, కాళ్ళు దులుపుకొని, తొడుక్కున్నాడు.

"తిప్పు బండి" అన్నాడు.

"సంగటి తిని పోరాదూ?" అంది అమ్మ.

"చల్లారితే చల్లారనీ."

మళ్ళీ పెద్ద వీధి

ఈసారి వెనక నుంచి ఆయన రెండు చేతులూ నా భుజాల మీద ఉన్నాయి. ముళ్ళు సగం నలిగిపోయాయి. సగం వీధి దాటాం. సరిగ్గా పెద్ద ఇంటి ముందుకు వచ్చేసరికి వెనక చక్రం కింద ఏదో టక్కుమంది, వెంటనే బుస్సుమంది. అది ముల్లు కాదని తర్వాత తెలిసింది. ఎద్దు కాలి లాడం నుంచి ఊడిన మేకు. దాన్ని ఎవరూ వెయ్యలేదు. ఎద్దుకు మా మీద పగ ఏముంటుంది? రెండు పొరలూ గుచ్చుకొని లోపలికి దిగింది. బండి వెనక భాగం పాములా అటూ ఇటూ కొట్టుకుంది.

పెద్దాయన అరుగు మీద నుంచి చప్పట్లు కొట్టాడు. ప్రతి చలికాలం పెరటి గుమ్మంలోంచి నా క్వినైను అందుకునే చేతులవి. "గాలి పోయెరా! ఇగ దిగండి, దిగి తోసుకోండి!" అన్నాడు. వీధంతా నవ్వింది.

ఆపి దిగితే టైరు దక్కుతుంది. ఇద్దరు మనుషుల బరువుతో గాలి లేని చక్రం మీద పోతే టైరూ ట్యూబూ తునకలవుతాయి, మళ్ళీ ఈ యుద్ధం అయిపోయేదాకా దొరకవు. ఇదంతా నాకు తెలుసు. వేళ్ళు బ్రేకు మీదికి పోయాయి కూడా. అప్పుడు నాయన నా చెవిలో అన్నాడు, "అబ్బీ, ఈడ దిగితే మళ్ళా జన్మలో ఎక్కను. పోనీ."

పోనిచ్చాను. ఆయన వెనక్కి తిరిగి గొంతెత్తి, "మా వాని బండికి రెండు ట్యూబులుండాయి అయ్యా! ఒగటి పోతే ఏమాయె!" అని అరవడం విన్నాను. అబద్ధమే. రెండూ పోయాయి. రిమ్ము కింద టైరు నలిగి, చీలి, రబ్బరు ముక్కలు వీధిలో రాలుతున్నాయి. వెన్నుపూస ఒక్కొక్కటీ ఊడిపోతుందేమో అన్నంతగా కుదుపు. హ్యాండిలు ఎంత బిగించి పట్టుకున్నానంటే బొబ్బలు ఇంకా మానలేదు. వీధి చివర దాకా బండి మీదే పోయాం. బోర్డు రోడ్డెక్కి ప్రార్థన పాక ముందు ఆగాం. ఆ వీధిలో నేను ఒక్క అడుగు కూడా బండి తొయ్యలేదు.

రోడ్డు పక్క కళ్ళంలో అడిగి ఎండుగడ్డి తెచ్చి, చీలిన టైరులో కుక్కి తాళ్ళతో కట్టాను. కంభంలో నేను వద్దన్న వైద్యమే నాకూ గతి అయింది. ఎక్కడానికి పనికిరాదు, తోసుకుపోవడానికి పనికొస్తుంది. గిద్దలూరు దాకా తోసి రైలు ఎక్కించాలి. బండిని ఇంటికి తేవాలంటే మళ్ళీ పెద్ద వీధిలోంచే తోసుకు రావాలి. అది మాత్రం జరగదు. మా అమ్మ చేతి సంగటి ఈసారికి నాకు లేదు.

మిగిలింది నాయన ఇల్లు చేరడం. "వాగు దారిలో పో నాయనా. వాళ్ళు మంట మీదున్నారు. లేకుంటే నేనూ వస్తా పద" అన్నాను.

"నువ్వొస్తే కాంపౌండరు అండ అంటారు. నువ్వు బండి కాడుండు."

"కొడతారేమో."

"కొట్టనీ. ఎండాకాలం బావులకు బానలు గావాల. నా చెయ్యి ఇరగ్గొట్టి ఎవరి చేత కుట్టిచ్చుకుంటారు?" అని పంచె ఎగదోపాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "నీ బండి మంచిదే గాని అబ్బీ, రొద జాస్తి. ఆ రొదలో నా చెప్పుల చప్పుడు ఎవురికి ఇనపడింది?"

అని పెద్ద వీధిలోకి నడిచాడు.

నేను బండి పట్టుకొని నిలబడి చూశాను. వెనకటిలాగా గోడవారగా కాదు, నడిరోడ్డున పోతున్నాడు. ఎండిన ముళ్ళు ఆయన చెప్పుల అట్టల కింద విరుగుతున్నాయి. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. పెద్ద ఇంటి ముందుకు వచ్చినప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డాడు, నోట్లోనే ఏదో గొణిగాడు. నాకు వినిపించలేదు. నాయన ఆగలేదు. తొందరపడనూ లేదు.

వీధి అంత నిశ్శబ్దంగా ఉంటే, ఈ చివర రోడ్డు మీద నిలబడిన నాకు కూడా వినిపించింది. కిర్రు. కిర్రు. కిర్రు. మా పల్లె దాకా.